చెయ్యి చెవికందిన లెక్కన నా వయసు

నాకు జరిగిన అన్యాయాలను ముందుగా తేదీల వరుసలో నమోదు చేస్తున్నాను. వివరణ ఆ తరువాత వస్తుంది.

2010 జూన్, నెల చివరి రోజు: నాకు అరవై ఏళ్లు నిండాయని విశ్వవిద్యాలయం నిర్ధారించి, శాలువా కప్పి ఇంటికి పంపింది. నేను పుట్టిన పూటే, నేను పుట్టిన కడుపునే పుట్టిన నా తమ్ముడికి యాభై ఎనిమిదే నిండాయని అదే కార్యాలయం నిర్ధారించింది. వీడ్కోలు సభలో నా గురించి మాట్లాడడానికి అతణ్నే పిలిచారు. పెద్దలు నడిచిన దారిలో తాము నడుస్తామని అతడు చెప్పాడు.

2010 ఆగస్టు: నేను ఏళ్ల తరబడి పెంచిన ఈగల సీసాలను ప్రయోగశాల నుంచి తీసి, వరండాలో చీపుర్ల పక్కన పెట్టారు.

2010 నవంబరు: సీతాఫల్‌మండిలో బస్సెక్కినప్పుడు ఒక కాలేజీ అమ్మాయి లేచి నాకు చోటిచ్చి, పక్కనే నిలబడిన నా తమ్ముడితో "అంకుల్, మీ నాయినను కూసోబెట్టుండ్రి" అన్నది. అతడు కూర్చోబెట్టాడు.

2011 సెప్టెంబరు, సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో: విశ్వవిద్యాలయం గేటు దగ్గరి రిలే నిరాహార దీక్షలో కూర్చుంటానని వెళితే, వయసు మీరిందని వెనక్కు పంపారు.

2011 అక్టోబరు: నేను తినని బిర్యానీ తిన్నానని, నిండు శిబిరంలో నా కుడిచేతిని ముగ్గురు వాసన చూశారు.

అదే రోజు, సాయంత్రం: నా పేరు ఉండవలసిన చోట వేరొక మాట రాశారు. ఆ మాట ఏమిటో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

పై ఆరింటిలో మొదటి ఐదింటిని నేను క్షమించగలను. ఆరోదాని కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను.

అన్నింటికీ మూలం మా ఊరి బడిపంతులు. ఆ రోజుల్లో పల్లెల్లో పుట్టినతేదీలు రాసిపెట్టుకునేవారు లేరు. పిల్లవాణ్ని బళ్లో వేయడానికి తీసుకువెళితే పంతులు ఒక పరీక్ష పెట్టేవాడు. కుడిచేతిని తలమీదుగా అవతలికి వేసి ఎడమ చెవిని పట్టుకోవాలి. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే బడీడు రానట్టు. మా నాన్న మమ్మల్నిద్దరినీ ఒకే రోజు నిలబెట్టాడు. నా చెయ్యి అందింది. తమ్ముడి కుడిచేతిలో అమ్మ పెట్టిన బెల్లంగడ్డ ఉన్నది. దాన్ని ఎడమచేతిలోకి మార్చుకొమ్మంటే అతడు మార్చుకోలేదు. బెల్లం పట్టుకున్న పిడికిలి నడినెత్తి దగ్గరే ఆగిపోయింది. పంతులు నాకు ఐదేళ్లు రాసుకుని, వీడు ఇంకా చిన్నవాడని తమ్ముణ్ని ఇంటికి పంపాడు. రెండేళ్ల తరువాత ఖాళీ చేతులతో తీసుకువెళితే ఆ రోజుకు అతడికి ఐదేళ్లు నిండాయి.

మా నాన్నకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరూ బళ్లో పడ్డారు. అమ్మను తరువాత ఎన్నిసార్లు అడిగినా, పెద్ద వానలు పడ్డ ఏడు పుట్టారనేది. పెద్ద వానలు మా ఊళ్లో చాలా ఏళ్లు పడ్డాయి. కనుక నేను చెయ్యి పొడుగు వల్ల మూడేళ్లకే ఐదేళ్లవాణ్నయ్యానో, అతడు బెల్లం వల్ల ఏడేళ్లకు ఐదేళ్లవాడయ్యాడో ఇప్పుడు తేల్చడం సాధ్యం కాదు. నా వయసెంతో నాకు తెలియదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మా ఇద్దరిదీ ఒకటే అన్న సంగతిని మాత్రం నేను వదులుకోను.

ఈ విషయం మీద నేను కార్యాలయానికి విన్నపం పెట్టాను. నన్ను రెండేళ్లు ముందుగా పంపుతున్నారు, లేదా తమ్ముణ్ని రెండేళ్లు ఎక్కువగా ఉంచుకుంటున్నారు. ఏది నిజమో మీరే ఎంచుకోండి, రెండూ కుదరవు అని రాశాను. రెండూ కుదిరాయి.

దీనిలోని విడ్డూరం మరొకటి. మనుషుల దేహాలు ఎందుకు ముసలివవుతాయన్నది నా ఉద్యోగకాలమంతా నేను చెప్పిన పాఠం. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెంచి, ఆలస్యంగా పెట్టిన గుడ్ల నుంచి మాత్రమే తరువాతి తరాన్ని ఎంచుకుంటూ పోతే, కొన్ని తరాలకు ఎక్కువకాలం బతికే ఈగలు వస్తాయని విద్యార్థులకు చూపించేవాణ్ని. నా సీసాలు చీపుర్ల పక్కకు చేరిన నాటికి అందులోని ఈగలు తమ పూర్వీకుల కంటే దీర్ఘాయువులు. నేను మాత్రం నా తమ్ముడి కంటే ముసలివాణ్ని. అతడు భౌతికశాస్త్ర విభాగంలో పాఠాలు చెప్పుకుంటూ, తలకు నల్లరంగు వేసుకుంటూ, మెట్లు రెండేసి ఎక్కుతూ ఉండేవాడు.

సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఆపారు. ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు. పింఛనుదారు సమ్మె చేస్తే లోకానికి తెలిసే మార్గం లేదు. తార్నాక వైపు గేటు దగ్గర టెంటు వేసి, రోజుకొకరు చొప్పున పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా నిరాహార దీక్షలో కూర్చునేవారు. ఐదింటికి నిమ్మరసం ఇచ్చి, ఆ రోజు కూర్చున్నవారి పేరును మైకులో చదివి, శిబిరం పుస్తకంలో ఎక్కించేవారు. ఆ ఒక్క వరుసలో నా పేరు ఉండాలని కోరుకున్నాను. ఇంతమంది లెక్కకు వచ్చిన పనిలో నేను లెక్కకు రాకుండా పోకూడదనుకున్నాను. నేను కోరింది అంతకు మించి ఏమీ లేదు.

శిబిరం బాధ్యత చూసే పరిశోధక విద్యార్థిని నా దగ్గరే ఎం.ఎస్సీ. చదివిన అమ్మాయి. మొదటి రోజుల్లో ఒక విశ్రాంత గుమాస్తా మధ్యాహ్నం మూడింటికి దీక్షలో సొమ్మసిల్లి పడిపోతే, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఆమే. ఆయన కోలుకున్నాడు. ఆమె మాత్రం ఆ మర్నాడే అరవై దాటినవారు కూర్చోరాదని నియమం పెట్టింది. నాతో కూడా అదే చెప్పింది.

"మీకు కుర్చేస్త సార్. దండ గూడ ఏస్త. మైకు గావాలంటె మైకిస్త. దీక్షల మాత్రం వద్దు."

"నా తమ్ముణ్ని కూర్చోనిస్తావా?"

"చిన్నసారుకు అరువై గాలే గద సార్."

ఆ తరువాతి నెల బోధకుల వంతు వచ్చినప్పుడు జాబితాలో తమ్ముడి పేరు పడింది.

దీక్ష రోజు పొద్దున అతడు వారాసిగూడ నుంచి స్కూటరు మీద మా ఫ్లాటుకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉన్నది. చిన్నప్పటి నుంచీ అతడికి ఆకలి ఆగదు; బెల్లం సంగతి చూశారు కదా. తోటివారి ముందు కాదనలేక ఒప్పుకున్నాడట.

"అన్నా, నువ్వు కూసుంటనంటివి, కూసోనిస్తలేరు. నేను కూసోలేనంటున్న, కూసోమంటున్నరు. నా బదులు నువ్వే పోరాదు."

అది తప్పుడు పేరుతో కూర్చోవడం అవుతుందని నేను అభ్యంతరం చెప్పాను.

"మన ఇద్దరికి తేడా ఏడున్నది? పంతులు రాసిన కాడనే ఉన్నది. ఇంకేడున్నదో జూపియ్యి."

ఆలోచించి చూస్తే ఆ వాదనను ఖండించడం అసాధ్యమని తేలింది. నేను కార్యాలయానికి రాసిన విన్నపమూ అదే. ఒక్క తేడా ఉన్నది, జుట్టు. అతడు జేబులోంచి రంగు పొట్లం తీశాడు. వెంట్రుకలకు రంగునిచ్చే కణాలను పుట్టించే మూలకణాలు ఒక్కొక్కటిగా అయిపోవడం వల్ల జుట్టు నెరుస్తుందని, పొట్లంలోని పదార్థం ఆ కణాలను తిరిగి తేలేదని నేను వివరిస్తూ ఉండగానే, బాల్కనీలో కూర్చోబెట్టి నా తలకు పూశాడు. నా భార్య కాఫీ గ్లాసులతో వచ్చి కాసేపు చూసింది.

"ఇరువై ఏండ్ల సంది రంగేసుకో అంటె ఇనలేదు. ఇయ్యాల ఉపాసముండనీకి ఏసుకుంటున్నడు" అని లోపలికి వెళ్లింది.

నేను ఒకే షరతు పెట్టాను. సాయంత్రం ఐదు దాకా అతడు తన ఇంట్లో తలుపులు మూసుకుని ఉండాలి. ఏం తిన్నా అక్కడే తినాలి. అతడు ఒట్టు వేశాడు.

పది గంటలకు నాకు బంతిపూల దండ వేసి పరుపు మీద కూర్చోబెట్టారు. ఎవరికీ అనుమానం రాలేదు. అంతవరకు నన్ను చెయ్యి పట్టి గట్టు ఎక్కించిన కుర్రవాళ్లు ఆ రోజు నా అంతట నన్నే ఎక్కనిచ్చారు. పదకొండింటికి ఆరోగ్య పరీక్షకు వచ్చిన డాక్టరు నా చేతికి పట్టీ చుట్టి, రక్తపోటు చూసి, మెచ్చుకున్నాడు.

"యాబై తొమ్మిదికి బంగారం లెక్కున్నది సార్ మీ ఒళ్లు. మొన్న మీ అన్నగారు కూసుంట అనొచ్చిండట. వద్దన్నరు, మంచిపని చేసిండ్రు. ఆ వయసుల గుండెను నమ్మొద్దు."

నా గుండె తరఫున ధన్యవాదాలు చెప్పాను.

మధ్యాహ్నం పాటల బృందం భోజనానికి వెళ్లింది. మైకు ఖాళీగా ఉండకూడదన్నది శిబిరం ఆచారం. ఆ రోజుల్లో ఎవరి వృత్తిని వారు రోడ్డు మీదే చేసి చూపించేవారు. మంగలివారు రోడ్డు మీద గడ్డాలు గీశారు, లాయర్లు రోడ్డు మీద వాదించారు. చిన్నసారు భౌతికశాస్త్ర పాఠం చెబుతారని ప్రకటించి, ఆ అమ్మాయి నా చేతికి మైకు ఇచ్చింది. నాకు భౌతికశాస్త్రం రాదు. పరుపు చుట్టూ సమ్మెలో ఉన్న బస్సు కండక్టర్లు, హాస్టలు విద్యార్థులు, జామపండ్ల గంప దించుకుని కూర్చున్న ఒకామె ఉన్నారు. వచ్చిన పాఠం చెప్పడం తప్ప గత్యంతరం లేకపోయింది.

బస్సు పాతబడడం, మనిషి ముసలివాడు కావడం ఒకటి కాదని మొదలుపెట్టాను. బస్సు తన టైరును తాను మార్చుకోదు. దేహం మార్చుకుంటుంది. తెగిన చర్మం అతుక్కుంటుంది, విరిగిన ఎముక కలుస్తుంది, పేగుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది. ఒక్క కణంతో మొదలై ఇంత మనిషిని కట్టగలిగిన దేహానికి, కట్టినదాన్ని నిలబెట్టుకోవడం అంతకంటే కష్టం కాకూడదు. కనుక అరిగిపోయాం అనేది జవాబు కాదు. మరమ్మతు ఎందుకు సడలుతుందన్నదే ప్రశ్న.

పూర్వకాలంలో మనుషులను ఎక్కువగా ముసలితనం చంపేది కాదు. అంతకు ముందే జ్వరమో, కరువో, పులో చంపేది. చిన్నవయసులో బయటపడే లోపం ఉన్నవాడు పిల్లలను కనకుండానే పోతాడు, ఆ లోపమూ అతడితో పోతుంది. పెద్దవయసులో బయటపడే లోపం ఉన్నవాడు అప్పటికే పిల్లలను కని, దాన్ని వారికి పంచి ఉంటాడు. అలా ఆలస్యంగా బయటపడే లోపాలు తరతరాలుగా పోగుపడ్డాయి. ప్రకృతి వాటిని కావాలని ఉంచలేదు, పట్టించుకోలేదు, అంతే.

"గంతే గద సార్" అన్నాడు ముందు వరుసలోని ఒక కండక్టరు. "చెకింగోళ్లు మొదటి నాలుగు స్టాపులల్లనే ఎక్కుతరు. ఆడికెళ్లి బస్సు నిండ టికెట్ లేనోళ్లే."

ఉపమానం సరిపోయిందని అంగీకరించి ముందుకు సాగాను. రెండో కారణం పొదుపు. ఏ జీవికైనా దొరికే తిండి పరిమితం. దాన్ని పిల్లలను కనడానికి ఖర్చుపెట్టాలి, సొంత దేహం మరమ్మతుకూ ఖర్చుపెట్టాలి. ఎటూ ఏదో ఒకటి చంపేదాకా నిలిస్తే చాలు కనుక, దేహానికి అంతవరకే మరమ్మతు జరుగుతుంది. అద్దె ఇంటికి ఎవరూ సొంత ఖర్చుతో పాలరాయి వేయించరు.

జామపండ్ల ఆమె చెయ్యి ఎత్తింది.

"మరి పిల్లలు లేనోళ్లు ముసలోళ్లు గారా సారూ? మా ఆడిబిడ్డకు పిల్లల్లేరు. నాకన్న ముందే పండ్లూడినయి దానికి."

ఆ లెక్క ఒక్కొక్కరికి విడిగా వేసేది కాదని, వేల తరాలుగా జాతి మొత్తానికి కుదిరిన ఏర్పాటు అందరి ఒళ్లలోనూ ఉంటుందని చెప్పాను. ఆమె ఈ ముచ్చట ఆడిబిడ్డకు తాను చెబితే నమ్మదని, సారే వచ్చి చెప్పాలని అన్నది.

తిండి తగ్గించి పెంచిన ఎలుకలు ఎక్కువకాలం బతకడం గురించి చెప్పినప్పుడు శిబిరంలో ఉత్సాహం పెరిగింది. ఆకలి వేళ దేహం సంతానం పని వాయిదా వేసి మరమ్మతుకు పూనుకుంటుందని ఒక వివరణ ఉన్నది. అయితే దీక్షలో కూర్చున్నవారికి ఆయుష్షు పెరుగుతుందా అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఎలుకలలో పెరిగిందని, ఐదింటికి నిమ్మరసంతో ముగిసే దీక్షకు హామీ ఇవ్వలేనని జవాబిచ్చాను. చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నమోదు చేయలేను.

ఆ ఊపులో కవలల సంగతి కూడా చెప్పాను. ఒకే కణం చీలి పుట్టిన ఇద్దరికి కూడా ముసలితనం ఒకే వేళకు రాదు. వారసత్వం ఒకటే అయినా, కణాలలో జరిగే చిన్న చిన్న పొరపాట్లు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయన్నది ఎవరి అదృష్టం వారిది. ఒకరికి ముందు భుజం పట్టేస్తుంది, మరొకరికి ముందు పళ్లు కదులుతాయి.

పాఠం అయ్యాక శిబిరం అమ్మాయి మంచినీళ్ల గ్లాసుతో నా పక్కకు వచ్చి కూర్చున్నది.

"సార్, గీ అద్దె ఇంటికి పాలరాయి ముచ్చట నేను ఎం.ఎస్సీ. ఫస్టియర్ల విన్న."

"విని ఉంటావు" అన్నాను.

ఆమె నా మెడ వైపు చూసింది. ఎండకు, చెమటకు, పొద్దున తొందరలో సరిగా కడగని రంగు కారి, దండలోని బంతిపూల మీద నల్లగా బొట్లు పడుతున్నాయి. ఆమె తన సంచిలోంచి తువ్వాల తీసి ఇచ్చింది.

"మెడ తుడ్సుకోండ్రి, చిన్నసార్" అని లేచి వెళ్లింది. ఆ తరువాత మాత్రం డాక్టరును గంటకొకసారి నా దగ్గరికి పంపింది.

మూడు గంటలు దాటాక పక్క కాలనీ శిబిరం కన్వీనరు ఆయాసపడుతూ వచ్చాడు. ఎవరి శిబిరం ఎక్కువ రోజులు సాగుతుందన్న పోటీ రెండింటికీ ఉన్నది. తార్నాకలో సగం షట్టరు దించి నడుపుతున్న ఒక హోటలు నుంచి, ఆ రోజు దీక్షలో ఉన్నట్టు మైకులో చెబుతున్న సారు వంగి బయటికి రావడం, చేతిరుమాలుతో మూతి తుడుచుకోవడం తన కళ్లతో చూశానని ప్రకటించాడు. లోపల బిర్యానీ తప్ప మరేదీ వండరని కూడా చేర్చాడు. అంతలో పరుపు మీద నేను కనిపించాను.

"గింత జల్ది గీడికెట్లొచ్చిండు? నాకన్న ముందుగాల ఎట్లొచ్చిండు?"

ఆటోలో వచ్చి ఉంటానని ఒకరన్నారు. ఆ రోజు ఆటోలు కూడా బంద్ పాటిస్తున్నాయని ఇంకొకరన్నారు. చెయ్యి వాసన చూస్తే తేలిపోతుందని కన్వీనరు సూచించాడు. నేను కుడిచెయ్యి చాచాను. ఆయన చూశాడు, కండక్టరు చూశాడు, జామపండ్ల ఆమె చూసింది. మసాలా వాసన లేదని, తలకు వేసే రంగు వాసన వస్తున్నదని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. చేతికి తల రంగు వాసన ఎందుకు వస్తుందన్న కొత్త ప్రశ్న పుట్టింది.

దానికి జవాబు చెప్పవలసిన పని పడలేదు. నా తమ్ముడు సోంపు నములుతూ టెంటులోకి వచ్చాడు. ఎందుకు వచ్చావని నేను తరువాత లిఖితపూర్వకంగా అడిగాను. తన దీక్ష ఎలా నడుస్తున్నదో చూసి పోదామని వచ్చానని చెప్పాడు.

శిబిరం కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కన్వీనరు ముందుగా తేరుకున్నాడు. యాభై తొమ్మిదేళ్లవాడు దీక్షలో ఉండి బిర్యానీ తిన్నాడు, లేదా అరవై దాటినవాడు నియమం తప్పి దీక్షలో కూర్చున్నాడు. ఎటు చూసినా ఈ రోజు లెక్కకు రాదు అన్నాడు. తర్కం బాగుంది. నేను కార్యాలయానికి రాసిన విన్నపం కంటే బాగుందని చెప్పక తప్పదు.

నేను లేచి నిలబడి అసలు విషయం అంతా వరుసగా చెప్పాను. మా నాన్న, బడిపంతులు, తలమీదుగా చెయ్యి, బెల్లంగడ్డ. తమ్ముడికీ నాకూ ఒకే వయసని, అతడు అర్హుడైతే నేనూ అర్హుణ్నేనని వాదించాను. తమ్ముడు సోంపు మింగి, అన్న చెప్పింది నిజమేనని, బెల్లం మాత్రం చిన్నముక్కేనని సాక్ష్యమిచ్చాడు. కండక్టరు పట్టరాని సంతోషంతో లేచాడు.

"గట్లయితె పంతులు పెట్టిన పరీచ్చనే మల్ల పెట్టుండ్రి. తేలిపోతది."

శిబిరమంతా పెట్టుండ్రి పెట్టుండ్రి అన్నది. తమ్ముడు కుడిచెయ్యి ఎత్తి, తలమీదుగా వేసి, ఎడమ చెవిని తేలికగా పట్టుకున్నాడు. చేతిలో ఈసారి ఏమీ లేదు. నేనూ ఎత్తాను. రెండేళ్లుగా నా కుడిభుజం పట్టేసి ఉన్నది. కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోయింది. చెయ్యి నడినెత్తి దాకా వెళ్లి ఆగింది. ఇంకొంచెం తోశాను. సరిగ్గా తమ్ముడి పిడికిలి ఒకప్పుడు ఆగిన చోటే ఆగింది.

"చిన్నసారుకు ఐదేండ్లు నిండినయి" అని కండక్టరు తీర్పు చెప్పాడు. "పెద్దసారుకు ఇంక బడీడు రాలే."

డాక్టరు కూడా నవ్వాడు. కన్వీనరు నియమం సంగతి తేల్చమని పట్టుబట్టాడు. అందరూ శిబిరం అమ్మాయి వైపు తిరిగారు. ఆమె నవ్వలేదు. నా చెయ్యి ఇంకా నెత్తి మీదే ఉన్నది. దించడానికి కూడా కొంత సమయం పడుతుంది.

"అరువై దాటినోళ్లు కూసోవద్దన్న" అన్నదామె. "ఐదేండ్లు నిండనోళ్లు కూసోవద్దని నేనేడ రాయలే. కూసోండ్రి సార్."

కూర్చున్నాను. మిగిలిన సమయమంతా నా పరుపు మీద, నా ఆకలితో, నేనుగా కూర్చున్నాను. తమ్ముడు నా పక్కన కుర్చీలో కూర్చుని, ఒక ప్లకార్డు అడ్డం పెట్టి నాకు నీడ పట్టాడు. ఆ కాసేపు నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.

ఐదింటికి జామపండ్ల ఆమె నాకు నిమ్మరసం తాగించింది. అమ్మాయి శిబిరం పుస్తకం తెరిచి, అప్పటికే రాసి ఉన్న తమ్ముడి పేరును కొట్టేసి, కొంచెం ఆగి, ఏదో రాసి, మైకు అందుకున్నది.

"ఇయ్యాల దీక్షల కూసున్నది, ఒకరు."

చప్పట్లు మోగాయి. మిగతా రోజులన్నింటికీ పేర్లున్నాయి. ఆ ఒక్క రోజుకు 'ఒకరు' అని ఉన్నది.

జనం వెళ్లాక ఆమెను అడిగాను. ఆమె మైకు తీగ చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ పేరు రాస్తె రేపు ఇంకో పెద్దమనిషొచ్చి కూసుంటనంటడు సార్. పెద్దసారును కూసోనియ్యలేదా అంటడు. ఆయనకేమన్న అయితె నేనెవలకు జవాబు జెప్పాలె? ఆ ముసలాయనను ఆటోల పండుకోబెట్టినప్పుడు ఆయన చెయ్యి సల్లగున్నది. గది నాకు యాదికున్నది."

ఆ జవాబులో తప్పు లేదు. అందుకే నాకు ఇంత కోపం. తప్పు లేని జవాబు మీద ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో, రాసినవారికే తెలుస్తుంది.

తరువాత టెంటు తీసేశారు. రాష్ట్రం వచ్చింది. అంతకు ముందే మా తమ్ముడు కూడా తన వంతుకు అరవై నిండి, శాలువా కప్పించుకుని ఇంటికి చేరాడు. ఆ సభలో పెద్దల తరఫున నేను మాట్లాడాను. శిబిరంవారు జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, దీక్షలో కూర్చున్నవారి పేర్లన్నీ వరుసగా ఇచ్చారు. అందులోనూ 'ఒకరు' అనే ఉన్నది. తమ్ముడు ఆ పుస్తకం రెండు ప్రతులు తెచ్చుకున్నాడు. ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆ మాట చూపించి, ఇది మా అన్న అంటాడు. కొన్నిసార్లు ఇది నేనే అని కూడా అంటున్నట్టు నాకు సమాచారం ఉన్నది.

కిందటేడు వారాసిగూడలో అతడి ఇంటికి వెళ్లినప్పుడు, చొక్కా తొడుక్కోవడానికి అవస్థ పడుతూ కనిపించాడు. చెయ్యి ఎత్తమన్నాను. నడినెత్తి దగ్గర ఆగింది. ఒకే వారసత్వం, నాకు వచ్చినది అతడికి ఆలస్యంగా వచ్చింది, అంతే. ఇప్పుడు పంతులు లెక్కన మా ఇద్దరికీ బడీడు రాలేదు. కాగితాల లెక్కన ఇంకా రెండేళ్ల తేడా ఉన్నది. మరమ్మతు ఇద్దరిలోనూ సడలుతూనే ఉన్నది కనుక, ఇక ఈ విషయాన్ని తేల్చుకోవలసిన తొందర ఉన్నది.

కావున, నాటి శిబిరం బాధ్యురాలు, నేడు నా ఈగల సీసాలుండిన గదిలోనే కూర్చుని, నా పాఠాన్నే చెబుతున్న అధ్యాపకురాలు అయిన ఆమెకు ఇందుమూలంగా తెలియజేయునది:

ఒకటి. ఆ రోజు మధ్యాహ్నం, పాలరాయి మాట విన్నప్పుడే, పరుపు మీద ఉన్నది నేనేనని తాను గుర్తించిన మాట నిజమా, కాదా?

రెండు. నిజమైతే, ఆ రోజు వరుసలో రాసిన 'ఒకరు' నేనేనా, కాదా? నేనే అయితే, ఇక పరుపు మీద కూర్చుంటానని వచ్చే పెద్దమనుషులు ఎవరూ లేరు కనుక, ఆ మాట పక్కన నా పేరు రాయడానికి మిగిలిన అభ్యంతరం ఏమిటి?

పై రెండింటికీ సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం నెల రోజులలోగా పంపవలసిందిగా కోరుతున్నాను. ఇంటికి వచ్చి, నా భార్య చేతి కాఫీ తాగుతూ చెప్పే నోటిమాట సమాధానంగా పరిగణించబడదు. సమాధానం తార్నాకలోని నా ఫ్లాటుకే రావాలి. వారాసిగూడకు పంపరాదు. అక్కడికి పంపితే నా తమ్ముడు తనకే వచ్చిందని విప్పి చదువుకుంటాడు.